చివికిన బండలోనే నీళ్ళు



వేసవి వచ్చినదంటే మన పల్లెలలో బోరు బండ్ల మోత మొదలవుతుంది. రాత్రి అని లేదు, పగలు అని లేదు. ఒక ఇంటివారి బోరులో నీళ్ళు మనిషి ఎత్తున ఎగజిమ్ముతాయి. గట్టుకు ఇవతల ముప్పై అడుగుల దూరములో ప్రక్కింటివారు వేయించిన దానిలో నుండి తెల్లని పిండి వంటి దుమ్ము తప్ప మరేమియు రాదు. ఒకటే ఊరు, ఒకటే వాన, ఒకటే బండ. అయినను ఇట్లు ఎందుకు జరుగుతున్నది? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే ముందు బండను గూర్చి తెలిసికోవాలి. ఈ నెల ఆ సంగతే వ్రాస్తున్నాము.

మార్పులేనిదానికి పోలిక చెప్పవలసి వస్తే మనము వెంటనే బండను చూపిస్తాము. ప్రసంగములలో మేమును అట్లే చేస్తాము. అయితే బండ కూడ పుడుతుంది, పగులుతుంది, చివుకుతుంది, చివరకు మట్టి అవుతుంది. మన కన్నులకు కనబడనంత నెమ్మదిగా జరుగుతుంది గనుక అది కదలనిదని అనుకొంటాము. మనము తినే అన్నము, త్రాగే నీళ్ళు ఆ చివుకుటలో నుండే వస్తున్నవి. చివకని గట్టి బండలో నీటికి చోటే లేదు.

తెలంగాణలో చాలా జిల్లాలలోను, రాయలసీమలో అనంతపురము, చిత్తూరు వైపునను మన కాళ్ళ క్రింద ఉన్నది ఎక్కువగా గ్రానైట్ రాయి, లేక దానికి దగ్గర చుట్టమైన చారల రాయి. బడిలో పిల్లలు దీనిని అగ్నిశిల అని చదువుకొంటారు. ఇది నేల మీద పుట్టినది కాదు. భూమి లోపల కిలోమీటర్ల లోతులో రాయి కరిగి, పైన ఉన్న బరువు క్రింద అణగి, చాలా కాలము వేడిగానే ఉండి, నిదానముగా చల్లారినది. పటికబెల్లము చేసేవారికి ఈ మర్మము తెలుసు. పాకమును కదల్చక నిదానముగా ఆరనిస్తే పెద్ద పెద్ద పలుకులు కడతాయి. తొందరగా ఆర్చితే సన్నని పొడి వంటి పలుకులే వస్తాయి. గ్రానైట్ నిదానముగా ఆరిన పాకము. అందుచేతనే దానిలో పలుకులు కంటికి కనబడతాయి.

ఒక కంకర ముక్కను చేతిలోనికి తీసికొని ఎండలో త్రిప్పి చూడండి. మూడు రకముల పలుకులు కనబడతాయి. గులాబి రంగులోనో తెల్లగానో ఉండి, ఒక ప్రక్క చదునుగా మెరిసేది ఫెల్డ్‌స్పార్. గాజు పెంకువలె మసకగా ఉండేది క్వార్ట్జ్. మన పలుగురాయి అంటే ఇదే. నల్లగా, రేకులు రేకులుగా ఊడి వచ్చేది అభ్రకము. పల్లెలో పిల్లలు కాకిబంగారము అని ఏరుకొనేది దీని జాతిదే. ఈ మూడు పేర్లు మరువవద్దు. తరువాత జరిగే కథ అంతయు ఈ ముగ్గురిదే.

వికారాబాద్, ఆదిలాబాద్ ప్రాంతములలో కనబడే నల్లరాయి సంగతి వేరు. అది సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట నేల పగిలి పైకి పొంగి పారిన లావా. పైన గాలికి త్వరగా చల్లారినది గనుక దానిలో పలుకులు కంటికి ఆనవు. అది చివికితే నల్లరేగడి అవుతుంది. తాండూరు, కడప వైపు నాపరాళ్ళు సముద్రపు నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకొన్న అవక్షేప శిలలు. విశాఖపట్నము కొండలు మొదట ఒక రాయిగా ఉండి, లోతులో వేడికి, ఒత్తిడికి మరొక రాయిగా మారిన రూపాంతర శిలలు. వాటి నీళ్ళ లెక్క వేరు గనుక వాటిని ఇంకొక నెలకు ఉంచుతున్నాము. ఈసారి గ్రానైట్‌తోనే ఉందాము.

మన గ్రానైట్‌లలో చాలావాటి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. ఇది ఊహించి చెప్పిన మాట కాదు. ఈ రాళ్ళలో జిర్కాన్ అనే చాలా చిన్న పలుకులు ఉంటాయి. వాటిలో చిక్కుకొన్న యురేనియము ఒక లెక్క ప్రకారము సీసముగా మారుతూ ఉంటుంది. ఎంత మారినదో కొలిస్తే ఎంత కాలమైనదో తెలుస్తుంది. ఆదివారపు బడిలో పిల్లలు ఈ లెక్కను గూర్చి మమ్మల్ని అడుగుతారు. మేము వారిని కసురము. సృష్టికర్త ఎంత ఓపికగా పని చేసెనో రాతిలో వ్రాసి ఉంటే, దానిని చదువుటకు భయపడనక్కరలేదని మా తలంపు.

అంత లోతులో పుట్టిన రాయి నేడు మన పెరటిలోనికి ఎట్లు వచ్చినది? రాయి పైకి వచ్చినదనుటకంటె, పైనున్నది పోయినదనుట సరియైన మాట. దాని మీద ఉన్న కిలోమీటర్ల మందము రాయి, మట్టి కోట్ల సంవత్సరముల పాటు వానకు, గాలికి అరిగి నదులలో కలిసి సముద్రమునకు కొట్టుకొనిపోయినవి. నెత్తిమీది మోపు దించిన మనిషి నడుము నిలుపుకొన్నట్లే, పై బరువు తొలగిన రాయి కొంచెము వ్యాకోచించి ఒళ్ళు విరుచుకొంటుంది. అట్లు విరుచుకొనుటలో నేలకు సమానముగా పొరలు పొరలుగా చీలుతుంది. భువనగిరి కోట ఉన్న ఏకశిలను దూరము నుండి చూచినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఉల్లిగడ్డ పొరలు ఊడినట్లు దాని ప్రక్కలు ఊడి, నడుమ నున్నని గుండు మిగిలినది.

రాళ్ళు కొట్టే మన సహోదరులకు ఈ చీలిక ఏ పుస్తకము చదువకుండనే తెలుసు. పరుపు బండ మీద కట్టెలు పేర్చి మంట పెట్టి, ఆ మంటను నిదానముగా ముందుకు జరుపుతూ పోతే, లోపల టప్పుమని శబ్దము వస్తుంది. ఎక్కడ పొర లేచినదో సుత్తి తట్టి చెవితోనే కనిపెడతారు. బండకు కూడ చెక్కకు ఉన్నట్లే వాలు ఉన్నదని, ఆ వాలు చూచి ఉలి పెడితే ఒక్క దెబ్బకు సాగి చీలుతుందని వారు చెప్తారు. శాస్త్రజ్ఞులు చెప్పేదియు అదే.

పొరల చీలికలతో పాటు నిలువు పగుళ్ళు కూడ ఉంటాయి. అడ్డముగా, నిలువుగా పగిలిన బండ, అట్టపెట్టెలు పేర్చినట్లు పెద్ద పెద్ద దిమ్మలుగా తయారవుతుంది. ఆ పగుళ్ళలోనికి వాన నీరు దిగుతుంది. దిమ్మ ముఖముల మీద నీరు ఒక వైపు నుండే తాకుతుంది. అంచుల మీద రెండు వైపుల నుండి, మూలల మీద మూడు వైపుల నుండి తాకుతుంది. గనుక మూలలు ముందుగా చివికిపోతాయి. నలుపలకల పటికబెల్లము ముక్కను నోట్లో వేసికొన్న పిల్లవాడు కొంతసేపటికి బయటికి తీసి చూస్తే అది గుండ్రముగా ఉంటుంది గదా! భూమి లోపల దిమ్మలన్నియు ఆ విధముగానే గుండ్లవుతాయి. తరువాత చుట్టునున్న చివికిన మట్టిని వానలు కడిగివేయగా, గుండు మీద గుండు పేర్చినట్లు మిగిలిపోతాయి. హైదరాబాదు చుట్టుప్రక్కల, ఏ రాక్షసుడు ఎత్తి పెట్టినాడో అన్నట్లు నిలిచియున్న గుండ్లు ఇవే. వాటిలో ఎన్నో ఇప్పుడు కంకరై, ఇంటి పునాదులై పోయినవి.

జలప్రళయములో ఈ గుండ్లు దొర్లుకొని వచ్చినవని మన విశ్వాసులలో కొందరు చెప్పుకొనుట మేము విన్నాము. నీటిలో దొర్లిన రాయి ఎట్లుంటుందో ఏటి ఒడ్డున చూడవచ్చును. నున్నగా అరిగి, పది చోట్ల నుండి వచ్చిన పది రకముల రాళ్ళు కలిసి ఉంటాయి. ఈ గుండ్లు అట్లు లేవు. పై గుండు, క్రింది గుండు, వాటి క్రింది బండ ఒక్కటే రాయి. పై గుండులోని తెల్లని చార క్రింది గుండులోనికి తిన్నగా దిగుతుంది. అంతకంటె తేట రుజువు కావాలంటే, క్రొత్తగా త్రవ్విన రోడ్డు కోతలోనో బావి గోడలోనో చూడండి. చుట్టు మొరము, నడుమ ఇంకను సగమే తయారైన గుండు కనబడుతుంది. నోవహు కాలపు సంగతిని ఈ గుండ్ల మీద మోపవద్దని మా మనవి.

ఇప్పుడు ఆ మూడు పలుకుల దగ్గరకు వద్దాము. వాన నీరు వట్టి నీరు కాదు. గాలిలో నుండి, అంతకంటె ఎక్కువగా నేలలోని వేళ్ళు, పురుగులు విడిచే ఊపిరిలో నుండి అది బొగ్గుపులుసు గాలిని కలుపుకొంటుంది. అందుచేత దానికి నాలుకకు తెలియనంత పులుపు వస్తుంది. ఆ కొద్ది పులుపే చాలు. ఫెల్డ్‌స్పార్ దానికి నిలువలేక, తనలోని పొటాషు, సోడా, సున్నము విడిచిపెట్టి బంకమన్నుగా మారుతుంది. కుమ్మరి చేతిలోని మట్టి ఒకప్పుడు ఈ గులాబి పలుకే. విడిచిపెట్టిన పొటాషు పైరుకు ఆహారమవుతుంది. సున్నము నేలలో సుద్దగడ్డలుగా పేరుకొంటుంది. నల్ల అభ్రకములో ఇనుము ఉన్నది. అది తుప్పు పడుతుంది. మన చెలకలకు ఎరుపు రంగు ఆ తుప్పే. క్వార్ట్జ్ మాత్రము దేనికిని లొంగదు. ప్రక్కనున్న ఇద్దరు కరిగిపోగా ఒంటరిగా రాలి, వాగులో ఇసుకగా చేరుతుంది. ఇసుక, బంకమన్ను, ఎర్రమన్ను మనకు మూడు వేర్వేరు వస్తువులు. వాటికి తల్లి ఒక్క బండే.

లొంగని ఈ క్వార్ట్జ్‌ను గూర్చి ఒక మాట. నీటిలో కరగనిది ఊపిరితిత్తులలోను కరగదు. క్రషర్లలో, పలుగురాయి మిల్లులలో పని చేసేవారు పీల్చే సన్నని ధూళి లోపల మచ్చలు కట్టి సిలికోసిస్ అనే జబ్బు తెస్తుంది. దానిని క్షయ అనుకొని ఏండ్ల తరబడి మందులు మింగేవారున్నారు. మీ ఇంటివారిలో ఎవరైనను ఆ పనిలో ఉండి దగ్గు పట్టుకొంటే, చేసే పని ఏమిటో డాక్టరుగారికి తప్పక చెప్పండి.

చివుకుట ఎంత నెమ్మదిగా జరుగునో చూడాలంటే పాత మిషను కాంపౌండులలోని సమాధుల తోటకు వెళ్ళండి. పాలరాతి పలక మీది అక్షరములు నూరేండ్లకే వాన పులుపుకు కరిగి మసకబారి ఉంటాయి. ప్రక్కనే గ్రానైట్ పలక మీద ఉలి గాటు ఇంకను వాడిగానే ఉంటుంది. సమాధి రాళ్ళ మాట వచ్చినది గనుక మరొకటి చెప్పుకొందాము. కలకత్తాలో సెయింట్ జాన్స్ చర్చి ఆవరణలో జాబ్ చార్నాక్ అనే ఇంగ్లీషు వర్తకుని సమాధి ఉన్నది. దాని మీది నల్లరాయి మద్రాసు వైపు నుండి తీసికొనిపోయినది. థామస్ హాలండ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు 1893లో ఆ రాతిని పరీక్షించి, దాని జాతికి ఆయన పేరు మీద చార్నొకైట్ అని పేరు పెట్టెను. ఆ జాతి రాయి మన తూర్పు కనుమలలోను విస్తారముగా ఉన్నది. ఒక చర్చి తోటలోని సమాధి నుండి ప్రపంచమంతటను ఒక రాతికి పేరు వచ్చుట మాకు వింతగానే తోచినది.

సరే, గ్రానైట్ పలక మీద గాటు నూరేండ్లకును చెరగదంటే, ఆ రాయి మట్టి అగుటకు ఎంత కాలము పట్టును? ఒక అంగుళము మట్టికి వందల నుండి వేల సంవత్సరములు. వాలు చేనులో గట్టు లేకుండా దున్ని విడిచిపెడితే, ఒక్క పెద్ద వానకు అంతకాలపు పని వాగు పాలవుతుంది.

ఇప్పుడు బావిలోనికి దిగుదాము. పాత మోటబావి గోడను పైనుండి క్రిందికి చూచినవారికి నాలుగు అంతస్తులు కనబడతాయి. మొదట ఎర్రమన్ను. దాని క్రింద మొరము. ఇది రాయి రూపము మిగిలియున్నను చేతితో నలిపితే పొడి అయ్యే చివికిన బండ. దాని క్రింద గట్టిదే గాని పగుళ్ళు నిండిన బండ. అన్నిటికంటె క్రింద పగుళ్ళు లేని నల్లని గట్టి బండ. మొరము నీటిని పట్టి ఉంచే దూది వంటిది. పగుళ్ళ బండ ఆ నీటిని బోరులోనికి తెచ్చే కాలువ వంటిది. అడుగు బండ గిన్నె వంటిది.

హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు ఫ్రెంచి శాస్త్రజ్ఞులతో కలిసి, పట్టణమునకు దక్షిణమున ఉన్న మహేశ్వరము ప్రాంతములో 1999 నుండి ఈ సంగతిని ఏండ్ల తరబడి పరిశీలించిరి. అక్కడ నీళ్ళిచ్చే పగుళ్ళలో చాలాభాగము నేల నుండి సుమారు 130, 140 అడుగుల లోపలనే ఉన్నట్లు తేలినది. అంతకు క్రిందికి పోయేకొలది పగుళ్ళు పలుచనైపోయినవి. ఆ పగుళ్ళను చేసినది ఎవరు? ఆ చివుకుటయే. నల్ల అభ్రకము నీరు తాగి ఉబ్బుతుంది. నానిన పప్పు గిన్నె మూతను లేపినట్లు అది పైనున్న రాతిని నెట్టుతుంది. బండ నేలకు సమానముగా చీలుతుంది. నీరు పైనుండి దిగుతుంది గనుక ఈ పని పైననే ఎక్కువ, లోతున తక్కువ.

దీనిని బట్టి మొదటి ప్రశ్నకు జవాబు దొరుకుతున్నది. భూమి లోపల నదులు లేవు. ఇంటింటికి పైపు వేసినట్లు నీటి నరములును లేవు. చివికిన పొర ఒక చోట 60 అడుగుల మందము ఉంటుంది, ముప్పై అడుగుల ఇవతల గుండు అడ్డు వచ్చి పది అడుగులకే గట్టి బండ తగులుతుంది. ప్రక్కవారి బోరు పగుళ్ళను కోసికొంటూ దిగినది. మీది పగుళ్ళ నడుమ ఉన్న గట్టి దిమ్మలోనికి దిగినది. తెల్లని పిండి వచ్చినదంటే చివకని బండ నలుగుతున్నదని అర్థము.

బోరు వేసే రోజు తెల్లవారుజామున మమ్మల్ని ప్రార్థనకు పిలుస్తారు. మేము సంతోషముగా వెళ్తాము. అయితే చాలాసార్లు మాకంటె ముందే అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొన్న మనిషో, వేపపుల్ల పట్టుకొన్న మనిషో వచ్చి చోటు చూపించి పోయి ఉంటాడు. ఆ కాయ లేచినదనియు, చెప్పిన చోటనే నీళ్ళు పడినవనియు సాక్ష్యము చెప్పేవారును ఉన్నారు. మొరము దళసరిగా ఉన్న పల్లపు భూమిలో ఎక్కడ గుచ్చినను కొంత నీరు పడుతుంది. అక్కడ కాయతో పని లేదు. మొరము లేని మెరకలో ఆ కాయ ఏమియు చేయలేదు. నీళ్ళు పడిన బోర్ల కథ ఊరంతా చెప్పుకొంటారు. పడని బోర్ల కథ అప్పుల పుస్తకములో మాత్రమే ఉంటుంది.

మేము సేవ చేసిన ఒక ఊరిలో ఒక సహోదరుడు ఒకే చేనులో ఐదు బోర్లు వేయించెను. మొదటిది 200 అడుగులు. రెండు వేసవులు ఇచ్చి ఎండిపోయినది. రెండవది 300, మూడవది 450, అట్లు పోయి ఐదవది 800 అడుగులు. ఇంకొక 50 అడుగులు దింపితే పడుతుందని బండివారు చెప్పుట, ఆయన సరే అనుట. భార్య మెడలోనిది మొదట పోయినది, తరువాత కాడెద్దులు పోయినవి, చివరకు చేనులో ఒక ముక్క పోయినది. ఐదవ బోరులో దుమ్మే వచ్చినది. ఆ చేను ప్రక్కనే, గుడిసె అంత దూరములో, నున్నని పరుపు బండ నేల మీదికి తేలి ఉన్నది. బండ పైకి తేలినదంటే అక్కడ చివికిన పొర కడిగివేయబడినదని అర్థము. ఆ చేనుకు లోతు మందు కాదు. ఆ ఇంట కూర్చుండి మాటలాడుటకు మాకు మాటలు రాలేదు.

లోతున నీళ్ళు ఎన్నడును పడవని మేము అనుట లేదు. 500 అడుగుల దగ్గర పాత పగులు ఒకటి తగిలి ధారగా వచ్చిన చోట్లున్నవి. అయితే అది ఎప్పటి నీరో. పైనుండి దానికి చేరే దారి సన్ననిది గనుక, తోడుకొన్నంత వేగముగా నిండదు. గ్రానైట్ చివికిన పొరలో నూటికి ఒకటి రెండు పాళ్ళు మాత్రమే నీటికి చోటు. దీనిలో మేలును ఉన్నది, కీడును ఉన్నది. ఒక్క అంగుళము వాన నీరు నిజముగా లోపలికి ఇంకితే బావిలో నీరు నాలుగు అడుగులో, అంతకంటె ఎక్కువో లేస్తుంది. తోడేటప్పుడు అంతే వేగముగా దిగిపోతుంది. పడిన వానలో సుమారు పదో వంతే ఇటువంటి నేలలో లోపలికి ఇంకుతుంది. మిగిలినది పారిపోతుంది, లేక ఆవిరి అవుతుంది. చెరువు క్రింది బావులు ఆఖరున ఎండుటకు కారణము ఇదే. చెరువు ఆ నీటిని నెలల తరబడి నిలిపి మొరమునకు త్రాగిస్తుంది. పూడిక తీసిన ఏడు ఆ బావులలో తేడా కనబడుట మీరును చూచియుందురు.

బోరు వేయక తప్పని కుటుంబము ఏమి చూచుకోవాలి? ముందుగా చుట్టునున్న పాత బావులలోనికి తొంగి చూడాలి. మొరము ఎంత లోతు వరకు దిగినదో ఆ గోడలే చెప్తాయి. పరుపు బండకు దూరముగా, పల్లమునకు దగ్గరగా ఉండాలి. గ్రానైట్ నేలలో అక్కడక్కడ నల్లరాయి గోడవలె కిలోమీటర్ల పొడవున సాగుతుంది. గుండ్లు వరుసగా పేర్చినట్లు ఉండుటను బట్టి గుర్తుపట్టవచ్చును. అది పగుళ్ళలోనికి దూరి గట్టిపడిన లావా. చాలా చోట్ల అది భూమి లోపల ఆనకట్టవలె పని చేస్తుంది గనుక నీరు వచ్చే వైపున, అనగా మెరక వైపున, నీరు నిలుస్తుంది. ఆ తరువాత, భూగర్భ జల శాఖవారిచేత గాని, చదువుకొన్న భూగర్భ శాస్త్రజ్ఞునిచేత గాని మేకులు పాతి కరెంటు పంపి చూచే పరీక్ష చేయించాలి. తడిసిన చివికిన రాతిలో కరెంటు సులువుగా పోతుంది. గట్టి బండలో పోదు. ఇదియు నూటికి నూరు పాళ్ళు కాదు. అయితే ఒక వట్టి బోరు ఖర్చుతో పోల్చితే ఈ పరీక్ష ఖర్చు చాలా తక్కువ. ఎంత లోతు వరకు వేయాలో బండి రాకముందే ఇంటివారు కూర్చుండి తీర్మానించుకొని, ఆ లోతు వచ్చినప్పుడు ఆపివేయాలి. బండివారికి అడుగు లెక్కన డబ్బు వస్తుందని మరువవద్దు. 2002 నాటి వాల్టా చట్టము ప్రకారము బోరుకు ముందుగా అనుమతి తీసికోవాలి. ప్రక్క బావికి ఎంత దూరముండాలో అప్పుడే తెలుస్తుంది.

నీళ్ళు పడిన తరువాత ఇంకొక పని ఉన్నది. గ్రానైట్ పలుకులలో ఫ్లోరైడ్ కూడ ఉంటుంది. రాతి పగుళ్ళలో నీరు ఎంత ఎక్కువ కాలము నిలిస్తే అంత ఎక్కువగా అది నీటిలోనికి దిగుతుంది. దాని వలన పండ్లు పసుపు చారలు పడుట, కీళ్ళు బిగిసిపోవుట, నడుము వంగిపోవుట నల్గొండ జిల్లా ఎరుగని సంగతి కాదు. అప్పటి నెల్లూరు జిల్లాలో ఉండిన పొదిలి, దర్శి ప్రాంతములలో ఈ జబ్బును గూర్చి 1937లోనే డాక్టర్లు వ్రాసిరి. పటిక, సున్నము కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్గొండ పేరే నిలిచినది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు మించితే ఆ నీరు త్రాగుటకు పనికిరాదు. కాచితే పోదు, కాచినకొద్దీ నీరు తగ్గి అది చిక్కబడుతుంది. రుచిలో తెలియదు, రంగులో తెలియదు. గనుక క్రొత్త బోరు నీరు చేనుకు వాడుకొన్నను, చంటిపిల్లలున్న ఇంట త్రాగుటకు ముందు ఒక సీసాడు నీరు ప్రభుత్వపు నీటి పరీక్షశాలకు పంపాలి. కుళాయికి నది నీరు వచ్చే ఊళ్ళలో త్రాగుటకు ఆ నీటినే పట్టుకొని, బోరును పశువులకు, పైరుకు ఉంచుకొనుట మంచిది. పశువులకును ఎముకల జబ్బు రాదని కాదు. వాటికిని వీలైతే చెరువు నీరే పెట్టండి.

చివరిగా పాత బావులను గూర్చి. బోర్లు వచ్చిన తరువాత అనేక ఊళ్ళలో వాటిని చెత్తతో పూడ్చివేస్తున్నారు. పూడ్చకముందు ఒక మారు పిల్లలను గట్టుకు దూరముగా నిలువబెట్టి ఆ నాలుగు అంతస్తులు చూపించండి. ఉన్న బావిని శుభ్రము చేసి, ప్రక్కన ఒక గుంట త్రవ్వి ఇసుక, కంకర నింపి, చేనులో పారే మురికి లేని వాన నీటిని దానిలో వడియబోసి బావిలోనికి విడిచిపెడితే, ఆ నీరు తిన్నగా మొరములోనికే చేరుతుంది. ఒక త్రాడుకు అడుగు అడుగుకు ముడి వేసి, రాయి కట్టి, నెలకొక మారు నీటి మట్టము చూచి గోడ కేలండరు మీద వ్రాసికొనండి. వానకాలము మొదట ఒకసారి, దీపావళి దాటిన తరువాత ఒకసారి తప్పక చూడండి. ఆ రెండు అంకెల తేడాయే ఆ యేడు మీ బండ పట్టుకొన్న నీరు. రబీకి వరి పెట్టాలో, జొన్న, శనగతో సరిపెట్టుకోవాలో ఆ అంకెను చూచి ఇంట మాటలాడుకొనవచ్చును.